గురిగింజంత తేడా... గురి గోవిందా!

షూటింగ్ అనగానే హైదరాబాద్‌లోని నాచారం వాళ్లకు ఎన్టీఆర్ గారి రామకృష్ణా స్టూడియో గుర్తొస్తుంది. ఇవాళ మన షూటింగ్ అది కాదు, తుపాకీది! ఉప్పల్‌లో బయల్దేరి అమెరికా దాకా వెళ్లి, మళ్లీ రామంతాపూర్‌లో దిగుదాం. పదండి!

మీకు తెలుసా? అమెరికాలో చాలామంది వేటగాళ్లు తూటాలు కొనరు, ఇంట్లో కూర్చుని తామే నింపుకుంటారు. ఒకసారి పేలిన ఇత్తడి గొట్టాన్నే మళ్లీ మళ్లీ వాడతారు. తుపాకీ మందు తూచేది గ్రాముల్లో కాదు, 'గ్రెయిన్' లెక్కన. గ్రెయిన్ అంటే గింజే! బార్లీ గింజ నుంచి పుట్టిన ఆ కొలత 64.8 మిల్లీగ్రాములు. మన కంసాలి తక్కెట్లో గురిగింజ సుమారు 121 మిల్లీగ్రాములు తూగేది. ఆ వేటగాళ్లు గ్రెయిన్‌లో పదోవంతు తేడా కూడా రాకుండా తూస్తారు. అంటే గురిగింజను 19 ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క! గురిగింజకు తన నలుపు తెలియకపోవచ్చు గానీ, గురి సంగతి మాత్రం బాగా తెలుసు!

మీకు తెలుసా? ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండున్నా దేని రుచి దానిదే! ఒకదానికి నచ్చిన తూటా రెండోదానికి నచ్చదు. అందుకే రకానికి అయిదు చొప్పున కాల్చి, కాగితం మీద బెజ్జాలు ఎంత దగ్గరగా పడ్డాయో కొలుస్తారు. నట్టనడుమ పడకపోయినా పర్వాలేదు, అన్నీ ఒక్కచోట పడితే చాలు. పక్కకు పోతే తుపాకీ మీది గురి స్క్రూ తిప్పి సరిచేయొచ్చు. చెల్లాచెదురైతే ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు! కొత్తల్లుడికి ఏ కూర నచ్చుతుందో కనిపెట్టే అత్తగారికి ఉండేంత ఓపిక కావాలి మరి!

ఇప్పుడు అసలు రికార్డు వినండి. 100 గజాలంటే ఉప్పల్ స్టేడియంలోని పిచ్‌ల్లాంటివి నాలుగున్నర వరసగా పరిచినంత దూరం. అంత దూరం నుంచి 2012లో అమెరికాలో మైక్ స్టినెట్ అయిదు గుండ్లు కాల్చాడు. వాటిలో బాగా ఎడంగా పడ్డ రెండు బెజ్జాల నడిబొడ్ల మధ్య దూరం 0.0077 అంగుళాలు. మిల్లీమీటరులో అయిదోవంతు! అయిదు గుండ్లూ దాదాపు ఒకే బెజ్జంలోంచి దూరిపోయాయి. అంతకుముందు రికార్డు 1973లో మ్యాక్ మెక్‌మిలన్‌ది, 0.009 అంగుళాలు. వెంట్రుకవాసి అంటారే, అందులో సగం తేడా కోసం 39 ఏళ్లు పట్టింది!

మీకు తెలుసా? రైఫిల్ గుండు బొంగరంలా తిరుగుతూ పోతుంది. సెకనుకు 823 మీటర్ల వేగంతో, పది అంగుళాలకో చుట్టు చొప్పున వెళ్లే గుండు నిమిషానికి సుమారు 1,94,400 చుట్లు లెక్కన తిరుగుతుంది. మీ ఇంటి సీలింగ్ ఫ్యాన్? సుమారు 350!

మీకు తెలుసా? ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ కాల్చేవాళ్లు తూటాలు నింపుకోలేరు. ఆ పోటీలో వాడే .22 తూటాకు నిప్పంటించే మందు అడుగు అంచులోనే ఉంటుంది. ఒకసారి పేలిందా, ఇక మళ్లీ నింపేది లేదు. మరేం చేస్తారు? ఫ్యాక్టరీలో తమ రైఫిల్‌ను బిగించి, బ్యాచ్ తర్వాత బ్యాచ్ కాల్చి, నచ్చిన బ్యాచ్‌ను పెట్టెలకొద్దీ కొనుక్కుంటారు. అచ్చం పెళ్లిచూపులే!

మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల రైఫిల్లో అసలు మందే ఉండదు, అంతా గాలే! పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, గుండేమో 4.5 మిల్లీమీటర్లు. చుక్క కంటే గుండే తొమ్మిది రెట్లు పెద్దది! మన ఈషా సింగ్ అయితే 13 ఏళ్లకే పిస్టల్‌లో జాతీయ చాంపియన్. ఆ వయసులో మనం జాతరలో బెలూన్లు పేలిస్తేనే గొప్ప!

మీకు తెలుసా? ఉప్పల్ చౌరస్తా నుంచి అంబర్‌పేట వైపు వెళ్తే, రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. తుపాకులు, తూటాలు పరీక్షించే విభాగం అందులో ఉంది. రైఫిల్ గొట్టం లోపలి గాడులు గుండు మీద గీతలు పెడతాయి. రెండు గుండ్లను జంట మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి ఆ గీతలు కలిశాయో లేదో చూస్తారు. జాతకాలు కలిపినట్టే, కాకపోతే ఇక్కడ కలిస్తే జైలే!

అమెరికా ముచ్చట విని సరదాపడేరు, జాగ్రత్త! మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం ఊరుకోదు. అడవి జంతువును వేటాడితే 1972 వన్యప్రాణి చట్టం వదలదు. చేను తొక్కే అడవిపందిని కాల్చాలన్నా అధికారిక అనుమతి ఉండాల్సిందే. అందుకే చేను గట్టునో అడవి దారిలోనో ఖాళీ తూటా గొట్టం కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి, పోలీసులకు చెప్పండి. దాని అడుగున ఆవగింజంత సొట్ట ఉంటుంది. ఏ తుపాకీ పేల్చిందో పట్టిచ్చే ఆనవాలు అదే!