వరద మేటను వెంటనే దున్నకండి

వరద ఒండ్రు పొలానికి బలమన్నది పాత మాట. అది నిజమే గానీ, గోదావరికి ఎగువన రామగుండం వైపు ఇప్పుడు బొగ్గు గనులు, బూడిద చెరువులు, పట్టణాల మురుగు ఉన్నాయి. 2022 జులైలో మంథని మునిగినట్టు మళ్లీ వరదొస్తే అవి పొలాల్లోకి చేరే వీలుంది. సీసం, కాడ్మియం వంటి లోహాలు ఇసుక కన్నా మెత్తటి ఒండ్రుకే ఎక్కువ అంటుకుంటాయి. అందుకే నీరు నిలిచిన పల్లపు మడిలో ముప్పెక్కువ.

బొగ్గు నుసి, నూనె తెట్టు, మురుగు వాసన ఉన్న మేటను దున్నకండి. మట్టిలో కలిస్తే మళ్లీ వేరు చేయలేం. మేటను ఒక సంచిలో, దాని కింది మట్టిని జానెడు లోతు వరకు మరో సంచిలో తీయండి. మామూలు భూసార పరీక్షలో ఈ లోహాలు తేలవు. వ్యవసాయాధికారిని అడిగి ఆ పరీక్ష విడిగా చేయించండి. ఫలితం వచ్చేదాకా అందులో ఆకుకూరలు వేయొద్దు. ఆకుల్లో కాడ్మియం తొందరగా చేరుతుంది.