హిజ్లీ వైపు నుంచి వెళ్లిన రాజగురువు

ఫాంటసీ నవలల్లో తరచూ ఒక మహాగురువు ఉంటాడు. కత్తి పట్టడు, కోట కట్టడు. అయినా రాజు ఆయన ముందు మోకరిల్లుతాడు. ఎందుకంటే మంత్రశక్తి అంటారు, కథకు అది చాలు. చరిత్రలో అలాంటి గురువు నిజంగానే ఉన్నప్పుడు మాత్రం ఆ శక్తి ఎక్కడిదో వెతకాలి.

ఖరగ్‌పూర్, హిజ్లీల్లో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు ఎన్నో. మనం ఇటు రావడానికి ఆరు వందల ఏళ్లకు పైగా ముందే ఇటు నుంచి ఒకాయన మన నేలకు వెళ్లాడు. పేరు విశ్వేశ్వర శంభువు. పుట్టింది గౌడదేశంలో, దక్షిణ రాఢలోని పూర్వగ్రామంలో. హిజ్లీకి ఈశాన్యంగా, హౌరా, హుగ్లీల వైపు పరుచుకున్న నేలనే అప్పట్లో దక్షిణ రాఢ అనేవారు.

ఆయనది గోళకీ మఠం. జబల్‌పూర్ ప్రాంతపు డాహల దేశంలో కలచురి రాజుల అండతో ఎదిగిన శైవ పరంపర అది. కాకతి గణపతిదేవుడు (1199–1262) ఆయన దగ్గర శివదీక్ష తీసుకున్నాడు. శైవులకు దీక్ష అంటే రెండో పుట్టుక, గురువే తండ్రి. అందుకే మల్కాపురం శాసనం గణపతిదేవుణ్ణి గురువుకు కొడుకుగా చెబుతుంది.

రాజుకు దీనితో ఏం పని? కాకతీయులు చాలా శాసనాల్లో తమది నాలుగో వర్ణమనే చెప్పుకున్నారు. పుట్టుకతో రాని పెద్దరికం దీక్షతో వస్తుంది. పైగా గణపతిదేవుడి తర్వాత సింహాసనం కూతురు రుద్రమదేవిది కావాలి. ఆమెను శాసనాలు రుద్రదేవ మహారాజు అని మగపేరుతో పిలిచాయంటే, ఆడవాళ్లు ఏలడం ఎంత కష్టమో తెలుస్తుంది. అలాంటప్పుడు పలు దేశాల రాజులు మొక్కిన గురువు పక్కన నిలబడటం చిన్న బలం కాదు. నా మటుకు నాకు, గురువుకు రాజు ఎంత అవసరమో రాజుకు గురువు అంతకంటే ఎక్కువ అవసరం అనిపిస్తుంది.

ఆ అవసరం విలువ 1261లో ఆ మల్కాపురం శాసనంగా రాతికెక్కింది. తండ్రి ఇస్తానన్న మందడం ఊరిని, దాంతోపాటు వెలగపూడిని, కృష్ణలోని లంక భూములను రుద్రమదేవి గురువుకు ధారపోసింది. ఆయన అక్కడ గుడి, మఠం, సత్రం, పాఠశాల పెట్టాడు. వేదాలకు, తర్కానికి, సాహిత్యానికి, ఆగమానికి వేరువేరుగా అధ్యాపకులను నియమించాడు. ఆరోగ్యశాల ఉంది, ప్రసూతిశాల ఉంది. పదమూడో శతాబ్దపు పల్లెలో కాన్పుల కోసం ప్రత్యేకంగా ఒక ఇల్లు! సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఆకలితో వచ్చిన ఎవరికైనా అన్నం పెట్టాలని శాసనం చెబుతుంది. లెక్కలు రాసే కాయస్థుడు, వైద్యుడు, ఊరి కాపలాకు వీరభద్రులు అనే పదిమంది భటులు కూడా ఉన్నారు.

గురువు శక్తి ఇదే. అన్నం, చదువు, మందు, పురుడు, కాపలా అన్నీ ఆయన చేతి మీదుగా నడుస్తుంటే ఆ ఊరికి రాజు ఎవరు? కాళేశ్వరంలో, ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉన్న ఏలేశ్వరంలో కూడా ఆయన మఠాలు వెలిశాయి. మంత్రం కంటే గట్టి పునాది ఇది. అయితే మందడంలో బయటి నుంచి తెచ్చి కుదిర్చిన అరవై ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలకూ భూములు దక్కాయి. వాటిని దున్నినవాళ్ల గొంతు మాత్రం శాసనంలో వినపడదు. ప్రసూతిశాలను తలచుకుని పొంగిపోయేటప్పుడు ఈ మాటా గుర్తుండాలి.

ఆ మందడం, వెలగపూడి ఏవో మారుమూల పల్లెలు అనుకోకండి. అమరావతి రాజధాని ప్రాంతంలో ఉన్నాయవి. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడిలోనే నడుస్తోంది. హిజ్లీలో రైలెక్కి విజయవాడలో దిగేవాళ్లు ఒక పూట తీరిక చేసుకుని, పక్కనే మల్కాపురంలో ఉన్న ఆ శాసన స్తంభాన్ని చూసి రండి.