కొండ ఊరిలో వేసవి కచేరీలు

సంగీతానికీ, భౌతికశాస్త్రానికీ, సేద్యానికీ ఏమిటి సంబంధం అని మిత్రులు నవ్వవచ్చు. కానీ అమెరికాలోని ఆస్పెన్ అనే కొండ ఊరి కథ చదువుతుంటే ఈ మూడూ నాకు ఒకచోట కలిసినట్టు అనిపించింది.

కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల మధ్య, సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది ఆస్పెన్. మొదట అది యూట్ తెగవారి నేల. 1879లో వెండి గనుల కోసం బయటివాళ్ళు వచ్చారు. పదేళ్ళు తిరిగేసరికి వేలమంది జనం, రైలు, 1889లో ఒక పెద్ద నాటకశాల కూడా వచ్చేశాయి. ఆ వైభవం నిలవలేదు. 1893లో అమెరికా ప్రభుత్వం వెండి కొనే చట్టాన్ని రద్దు చేయడంతో ధర పడిపోయి గనులు మూతపడ్డాయి. 1930 నాటికి ఊళ్ళో మిగిలింది ఏడెనిమిది వందల మంది. ఒకే పంటను నమ్ముకున్న రైతుకు ధర పడితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఊరికీ అదే అయింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వాల్టర్ పేప్కీ అనే చికాగో అట్టపెట్టెల వ్యాపారి, ఆయన భార్య ఎలిజబెత్ ఈ ఊరిమీద మనసుపడ్డారు. చలికాలంలో మంచుమీద జారే ఆటకు ఏర్పాట్లు జరిగాయి. మరి వేసవికో? 1949లో జర్మన్ కవి గోథే ద్విశత జయంతిని అక్కడ జరిపారు. ఆల్బర్ట్ ష్వైట్జర్ తన జీవితంలో ఒకే ఒక్కసారి అమెరికా వచ్చింది ఈ సభకే. వాస్తుశిల్పి ఈరో సారినెన్ వేయించిన పెద్ద గుడారంలో మినియాపొలిస్ సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీలు చేసింది.

ఉత్సవం ముగిశాక గుడారం విప్పి ఎవరి ఊరికి వారు పోతే కథ అక్కడితో సరి. అలా జరగలేదు. అక్కడే ఒక సంగీత పాఠశాల మొదలైంది. పేరున్న విద్వాంసులు వేసవంతా ఉండి పాఠం చెప్పడం, పిల్లలు నేర్చుకోవడం, గురువులూ శిష్యులూ ఒకే ఆర్కెస్ట్రాలో పక్కపక్కన కూర్చుని వాయించడం ఆనవాయితీ అయింది. ఫ్రెంచి స్వరకర్త డారియస్ మియో ఏళ్ళ తరబడి అక్కడ బోధించాడు. 1960లో ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో ఫిలిప్ గ్లాస్ ఒకడు. ఇప్పటికీ ప్రతి వేసవిలో సుమారు ఎనిమిది వారాలు ఈ పాఠాలూ కచేరీలూ సాగుతున్నాయి.

ఇక మన సబ్జెక్టుకు వద్దాం. అంత ఎత్తున గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో మూడువంతులే. నీళ్ళు సుమారు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. గాలి పలచనైతే ధ్వని వేగం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ వేగం ముఖ్యంగా ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది: 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, 10 డిగ్రీల దగ్గర 337. కొండ ఊళ్ళో పొద్దువాలితే చలి కమ్ముకుంటుంది. వేణువులాంటి వాద్యాల్లో గాలి చల్లబడి శ్రుతి కిందికి దిగుతుంది. ఊదేవాడి వెచ్చని ఊపిరి కొంతవరకే కాపాడుతుంది. అదే చలికి వయొలిన్ లోహపు తీగలు ముడుచుకుని బిగుస్తాయి, శ్రుతి పైకి పోతుంది. ఒకే వేదికమీద ఒకరు కిందికీ ఒకరు పైకీ అన్నమాట! ఊదే విద్వాంసులకు ఊపిరి చాలకపోవడం దీనికి అదనం.

పొడిగాలి సంగతి మరొకటి. కొయ్యలో తేమ పోతే వయొలిన్ అతుకులు విడతాయి. ఇది మన రైతులకు కొత్త కాదు. ఎండాకాలం బండిచక్రం కొయ్య కుంచించుకుని ఇనుపపట్టా వదులైతే, చక్రాన్ని తీసుకెళ్ళి చెరువులో నానబెడతాం. డప్పు వాయించేవాళ్ళది దీనికి తిరగేసిన అవస్థ: తేమకు తోలు వదులైతే గడ్డిమంట దగ్గర కాచుకుంటారు. సూత్రం మాత్రం ఒక్కటే.

కొండల్లో మధ్యాహ్నం పూట ఉరుములతో వానలు కూడా మామూలే. వాన కప్పుమీద పడితే వాద్యం వినపడదు. గుడ్డ గుడారం పోయి, 2000లో టెఫ్లాన్ పూసిన గాజునార కప్పుతో సుమారు రెండువేల మంది పట్టే శాశ్వత మంటపం వచ్చింది. దాని చుట్టూ పచ్చికబయలు ఉంది. టికెట్ కొనలేనివారు అక్కడ దుప్పటి పరుచుకుని ఉచితంగా వింటారు. ఆ దగ్గరలోనే 1962లో భౌతికశాస్త్ర కేంద్రం కూడా వెలిసింది. 1984 వేసవిలో మైకేల్ గ్రీన్, జాన్ ష్వార్జ్ తంతు సిద్ధాంతాన్ని మలుపు తిప్పిన లెక్కను పూర్తిచేసింది అక్కడే.

అంతా బాగుందని చెప్పి ముగించలేను. పేరు పెరిగిన కొద్దీ భూమి ధర ఆకాశానికంటింది. వడ్డించేవాళ్ళు, బస్సు నడిపేవాళ్ళు, వడ్రంగులు ఊళ్ళో ఇల్లు కొనలేక, చాలామంది లోయ కింద అరవై, డెబ్భై కిలోమీటర్ల దూరం నుంచి పనికి వస్తారు. స్థానిక ప్రభుత్వాలు పనివాళ్ళకోసం ధర కట్టడి చేసిన ఇళ్ళు ఏర్పాటు చేశాయి గానీ అవి అందరికీ చాలవు. ఊరు బతికింది సరే, ఊరివాళ్ళ మాటేమిటి?

మా ప్రాంతంలో వేసవిలో కోతలయ్యాక హరికథో, బుర్రకథో పెట్టిస్తారు. బృందం ఒక రాత్రి చెప్పి, తెల్లారి బస్సెక్కి పోతుంది. ఆ రెండునెలలూ బడి తాళం వేసే ఉంటుంది. వచ్చిన విద్వాంసుణ్ణి ఒక పక్షం రోజులు ఉంచుకుని, అదే బడిలో పదిమంది పిల్లలకు మృదంగమో, డప్పో, పద్యమో నేర్పిస్తే కోట్లు ఖర్చవుతాయా? పక్షం రోజుల భోజనం, ఒక బస, కొంచెం సంభావన చాలు. ఆస్పెన్ మంటపం మనకు అక్కర్లేదు, దాని భూమి ధరలు అసలే అక్కర్లేదు. తీసుకోవలసింది 1949 తర్వాత వాళ్ళు చేసిన పని: వాయించినవాణ్ణి పంపేయకుండా పాఠం చెప్పమని అడగడం. వచ్చే వేసవి సెలవులకు ఊళ్ళకు వెళ్ళే మనమే ఆ మాట పంచాయతీ పెద్దల చెవిన వేయవచ్చు.