శుక్రవారం సినిమా, సబ్‌టైటిల్స్ లేకుండా

శుక్రవారం అంటే మా ఇంట్లో సినిమా. అభాలో ఉండే తెలుగువాళ్ళకి ఇదేం వింత కాదు. సముద్రమట్టానికి 2,200 మీటర్ల ఎత్తున, ఎండాకాలంలో కూడా మబ్బులు కిటికీ దాకా వచ్చే ఊరు మనది. సూదా కొండ చూసొచ్చాం, కోతుల్ని చూసొచ్చాం. పొగమంచు పట్టిందంటే ఇక మిగిలేది పకోడీలు, దుప్పట్లు, టీవీయే!

1980ల తొలినాళ్ళ నుంచి సౌదీలో సినిమా హాళ్ళు లేవు. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో 'బ్లాక్ పాంథర్'తో మళ్ళీ తలుపులు తెరిచారు. అంతదాకా సెలవుకి ఇండియా వెళ్ళొచ్చినవాళ్ళ సూట్‌కేసే మన థియేటర్. ఆవకాయ డబ్బా పక్కనే వీసీడీలు ఉండేవి. ఇప్పుడు సినిమాలకి కొదవ లేదు. తెలుగుకే కొదవ.

అదేమిటంటారా? 2022లో 'ఆర్ ఆర్ ఆర్' నెట్‌ఫ్లిక్స్‌లోకి హిందీలో వచ్చింది, తెలుగు కావాలంటే జీ5కి వెళ్ళాలి. అలా మన కొమురం భీముడు చాలామంది పిల్లలకి హిందీలోనే పరిచయమయ్యాడు. పోనీ తెలుగులో పెట్టినా, వాళ్ళ కళ్ళు తెర అడుగునే. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. హాస్యనటుడు నోరు తెరవకముందే నవ్వేస్తుంటే, ఎంత చురుకో అనుకున్నాం. తీరా చూస్తే ఇంగ్లీషు అక్షరాలు చదివి నవ్వుతోంది!

ఆ శుక్రవారమే సబ్‌టైటిల్స్ తీసేశాం, 'మాయాబజార్' పెట్టాం. 1957 నాటి సినిమా, నలుపు తెలుపు, మూడు గంటలు. మొదట పెద్ద గొడవే జరిగింది. 'ప్రియదర్శిని' పెట్టె తెరిచేసరికి ఇల్లు నిశ్శబ్దమైంది. ఎవరు చూస్తే వాళ్ళకి ప్రియమైనది కనిపించే పెట్టె అది. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకి అభిమన్యుడు. "డాడీ, ఇది వీడియో కాల్ కదా?" అంది. నిజమే మరి, రోజూ అమ్మమ్మ కనిపించేది అలాంటి పెట్టెలోనే. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలోకి మారాక సావిత్రి మగనడక నడుస్తుంటే, ఏ భాషా అక్కర్లేకుండానే పడీపడీ నవ్వింది. రంగులేసిన కాపీ 2010లో వచ్చింది. నా ఓటు మాత్రం మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపు వెన్నెలకే.

అసలు లాభం పింగళి నాగేంద్రరావు గారి మాటల వల్ల వచ్చింది. 'అస్మదీయులు' అంటే మనవాళ్ళు. దానికి జోడీగా 'తస్మదీయులు' అని ఓ మాట పుట్టించారాయన. ఇప్పుడు మా పిల్ల స్కూలు బస్సులో ముందు సీటు పట్టేసినవాళ్ళందరూ తస్మదీయులే. పుట్టించిన మాటలు 'బాహుబలి'లోనూ ఉన్నాయి లెండి. 2015లో కాలకేయుల కిలికి భాష పిల్లల నోట తెగ నలిగింది. ఆ యుద్ధాలు నాకూ ఇష్టమే. కాకపోతే కిలికి గడగడా పలికే పిల్లాడు "మజ్జిగ" అనడానికి తడబడుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

టీవీ సంగతికొస్తే, ఒక్క అత్తగారి మొహాన్ని మూడుసార్లు ఉరుములతో చూపించే సీరియళ్ళకి మా ఇంట్లో ప్రవేశం లేదు. 'అమృతం'కి ఎర్ర తివాచీ! 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది. ఇంటి యజమాని అప్పాజీ ముందు అమృతరావు, ఆంజనేయులు నీళ్ళు నమలడం అద్దె ఇళ్ళలో ఉండే మనకి వేరే చెప్పాలా? గుండు హనుమంతరావు గారు 2018లో పోయారు. ఆయన ఆంజనేయులు మాత్రం మా పిల్లకి ఈ ఏడాదే పరిచయమైన కొత్త మనిషి.

ఇక పుస్తకాలు. తెలుగు చదవడం రాని పిల్లకి చదివి వినిపించాల్సిందే. 1947లో మొదలైన 'చందమామ' ఆగిపోయింది గానీ, పాత సంచికలు కొన్ని మోసుకొచ్చాం. శంకర్ గారి బొమ్మలో శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టిన విక్రమార్కుణ్ణి చూపిస్తే చాలు, చెవులు నిక్కబొడుచుకుంటుంది. నేను చేసేదల్లా, బేతాళుడు ప్రశ్న అడిగిన చోట పుస్తకం మూసేయడమే. జవాబు తెలుగులో చెబితేనే మిగతా కథ.

మొన్న ఒక కథకి పావుగంట వాదించింది, సగం మాటలు చేతులతోనే. విక్రమార్కుడి జవాబు చదివి వినిపించాను. "రాజు చెప్పింది తప్పు, నాదే కరెక్టు" అంది. "కరెక్టుకి తెలుగులో ఏమంటారు?" అని అడిగితే, ఫోన్‌లో అమ్మమ్మని అడగడానికి లేచి వెళ్ళింది.