మూడు రోజుల రోమ్: ముందు ఏం వదలాలో తేల్చుకోండి

రోమ్‌కు మూడు రోజుల కోసం వెళ్ళేవాళ్ళు రాసుకునే జాబితాలు ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి. కలోసియం, వాటికన్, పాంథియన్, ట్రేవి ఫౌంటెన్, స్పానిష్ మెట్లు, ఇంకో పదీ పదిహేను పేర్లు, చివర్న "వీలైతే ఫ్లోరెన్స్" అని ఒక తోక. రైలెక్కితే గంటన్నరే కదా అని ధీమా. లక్షలు పోసి, వీసాకు బోలెడు కాగితాలు పోగేసి వెళ్తున్నప్పుడు ఏదైనా వదిలెయ్యమంటే ఎవరికీ మనసొప్పదు. అయినా ఆ జాబితాలో సగం కొట్టెయ్యకపోతే, ఇంట్లో కూర్చుని వేసుకున్న ప్లాను రోమ్‌లో మొదటి మధ్యాహ్నానికే చెదిరిపోతుంది. అందుకు కారణాలు రెండు: ఆ ఊరు ఎదిగిన తీరు, అక్కడి తలుపులు తెరుచుకునే వేళలు.

రోమ్ ఒకదాని మీద ఒకటిగా పేరుకున్న ఊరు. టైబర్ నది వరదలు తెచ్చిన ఒండ్రు, కూలిన గోడల రాళ్ళు, వాటినే పునాది చేసుకుని లేచిన కొత్త ఇళ్ళు కలిసి రెండు వేల ఏళ్ళలో పాత వీధులను చాలాచోట్ల మీటర్ల లోతుకు నెట్టేశాయి. అంత పెద్ద రాజధానికి మెట్రో లైన్లు మూడే ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. తవ్విన చోటల్లా ఏదో ఒక పాత కట్టడం బయటపడి పని ఆగుతుంది. ఈ పొరలను కళ్ళారా చూడాలంటే కలోసియం నుంచి కొద్ది నిమిషాలు నడిచి సాన్ క్లెమెంటే చర్చికి వెళ్ళాలి. వీధి మట్టంలో ఉన్నది 12వ శతాబ్దపు చర్చి. బలిపీఠం వెనక అర్ధగోపురం నిండా బంగారు మొజాయిక్, శిలువ చుట్టూ మెలికలు తిరిగిన తీగలు. టికెట్ తీసుకుని మెట్లు దిగితే 4వ శతాబ్దపు చర్చి, గోడల మీద వెలిసిన చిత్రాలు. ఇంకా దిగితే 1వ శతాబ్దపు రోమన్ కట్టడాలు, వాటి మధ్య ఇరుకు సందు, ఎద్దును వధిస్తున్న మిత్రాస్ దేవుణ్ణి చెక్కిన రాతిపీఠంతో చిన్న ఆరాధన గది. అక్కడ నిలబడితే నేల అడుగున నీళ్ళు పారే చప్పుడు వినిపిస్తుంది. తీరిగ్గా చూస్తే గంట పడుతుంది. ఆ గంటలో ఫోటోలకు మూడు చోట్లు తిరగొచ్చు కనుక, పరుగుల మీదున్నవాళ్ళు ఈ చర్చి గుమ్మం ముందు నుంచే వెళ్ళిపోతారు.

ఇక వేళల సంగతి. వాటికన్ మ్యూజియాలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, ఆ రోజు జనం విరగబడతారు. బుధవారం పొద్దున పోప్ ప్రజాదర్శనం ఉంటే సెయింట్ పీటర్స్ చర్చిలోకి మధ్యాహ్నం దాకా దారి దొరకడం కష్టం. బోర్గేసె గ్యాలరీకి సోమవారం సెలవు. మిగతా రోజుల్లోనూ ముందే బుక్ చేసుకున్నవాళ్ళనే రెండేసి గంటల చొప్పున పంపుతారు. కలోసియం టికెట్లు సుమారు నెల ముందు అమ్మకానికి వస్తాయి. కాబట్టి ఏ నెలలో వెళ్తున్నామన్నది ఎంత ముఖ్యమో, ఆ మూడు రోజులు ఏయే వారాలన్నదీ అంతే ముఖ్యం. వాటికన్‌కు ఒక పూట పూర్తిగా రాసెయ్యాలి. గ్యాలరీలు, రాఫెల్ గదులు, మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా చిత్రించిన సిస్టీన్ చాపెల్ పైకప్పు చూశాక, ప్రహరీ చుట్టూ నడిచొచ్చి మళ్ళీ సెక్యూరిటీ వరసలో నిలబడితే గానీ సెయింట్ పీటర్స్ రాదు. కలోసియం, ఫోరం, పాలటైన్ కొండ మూడింటికీ కలిపి ఒకే టికెట్. అది ఇంకో పూట. రోజుకు ఇలాంటి పెద్దది ఒక్కటే పెట్టుకుంటే లెక్క కుదురుతుంది. రెండు పెట్టుకుంటే రెండోదాని దగ్గరకొచ్చేసరికి కాళ్ళూ మొరాయిస్తాయి, బుర్రా మొరాయిస్తుంది.

ప్యాకేజీ టూరులో ఈ తలనొప్పులు ఉండవు కదా అనొచ్చు. టికెట్లు, భోజనం, గైడు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మొదటిసారి దేశం దాటే పెద్దవాళ్ళకు అది నిజంగానే ఊరట. కాకపోతే పెద్ద బస్సులు పాత ఊరి ఇరుకు వీధుల్లోకి రావు, దూరంగా దింపి నడిపిస్తారు. పది రోజుల్లో ఐదారు దేశాలు చుట్టే టూర్లలో రోమ్ వాటాకు ఒక రోజు దక్కితే గొప్ప. కలోసియాన్ని బయటి నుంచే చూపించి సరిపెట్టే కార్యక్రమాలూ ఉంటాయి. కాగితంలో "చూపిస్తాం" అని రాశారో, "లోపలికి టికెట్" అని రాశారో డబ్బు కట్టకముందే చదువుకోవాలి.

మరి ఏవి కొట్టెయ్యాలి? మొట్టమొదట ఫ్లోరెన్స్. రానూపోనూ మూడు గంటలు రైల్లో, ఉఫీజి గ్యాలరీ ముందు వరసలో ఇంకొంత సేపు పోతే మిగిలేది ఏమీ ఉండదు. అది విడిగా రెండు రోజులు అడిగే ఊరు. తర్వాతది, అబద్ధాలాడేవాళ్ళ చెయ్యి కొరుకుతుందని చెప్పే రాతి ముఖం నోట్లో చెయ్యి పెట్టి ఫోటో దిగడానికి నిలబడే వరస. స్పానిష్ మెట్లు దారిలో తగిలితే చూడొచ్చు, కూర్చోకూడదు. 2019 నుంచి కూర్చుంటే జరిమానా. ఇలా మిగిల్చిన గంటలను చర్చిలకు ఖర్చుపెట్టాలి, ఎందుకంటే రోమ్‌లో గొప్ప చిత్రాలు కొన్ని పైసా టికెట్ లేకుండా చర్చిల్లోనే ఉన్నాయి. పియాజ్జా నవోనా పక్కనున్న సాన్ లుయిజీ దే ఫ్రాంచేజి చర్చిలో, ఎడమవైపు చివరి గదిలో కారవాజ్జో గీసిన మూడు పెద్ద చిత్రాలున్నాయి. ఒకదానిలో సుంకం వసూలుదారులు బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. కుడివైపు నుంచి క్రీస్తు చెయ్యి చాచి మత్తయిని పిలుస్తాడు, ఆ చేతి మీదుగా వెలుగు ఏటవాలుగా గదిలోకి పడుతుంది. కొందరు తల తిప్పి చూస్తారు. బల్ల చివరి కుర్రాడు మాత్రం తలెత్తకుండా నాణేలు లెక్కపెట్టుకుంటూనే ఉంటాడు. అక్కడి నుంచి పాంథియన్ నాలుగడుగులు. 43 మీటర్ల పైచిలుకు వెడల్పున్న గోపురం, అందులో ఇనుప కడ్డీ ఒక్కటీ లేదు, నడినెత్తిన ఆకాశం కనిపించే గుండ్రటి కన్ను. వాన పడితే లోపలే పడుతుంది, నేలలోని చిల్లుల్లోంచి దిగిపోతుంది. 2023 నుంచి దీనికి మాత్రం టికెట్ పెట్టారు. చాలా చర్చిలు మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు కనుక వీటిని పొద్దుటికో సాయంత్రానికో ఉంచుకోవాలి. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి.

వయసు మళ్ళిన అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు ఇంత నడక మావల్ల కాదంటారు. ఆ మాట జాబితా కుదించడానికే బలమిస్తుంది. పాత ఊరి వీధులు చాలావరకు ఎగుడుదిగుడు రాతి పరుపులే, జూలై, ఆగస్టుల్లో ఎండా తక్కువేం కాదు. ఏప్రిల్, అక్టోబర్ నెలలు నయం. నీళ్ళ సీసాలు కొనక్కర్లేదు. 1874 నుంచి నగరపాలక సంస్థ పెడుతూ వచ్చిన ఇనుప కుళాయిల్లో చల్లటి తాగునీరు పారుతూనే ఉంటుంది. శాకాహారానికీ లోటు లేదు. కానీ అక్కడి పెకొరినో చీజ్‌ను గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారని నిష్ఠగా ఉండేవాళ్ళు తెలుసుకోవాలి.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: జన్మలో మళ్ళీ వస్తామో రామో, అన్నీ చూసెయ్యాలి కదా? ఒక్కసారే వచ్చేవాళ్ళు కాబట్టే ఒక్కచోటైనా నిలబడి చూడాలంటాను. కలోసియం ముందు ఫోటో దిగి పరిగెత్తేవాళ్ళు పక్కనున్న పాలటైన్ కొండ ఎక్కరు. అక్కడ టైబీరియస్ చక్రవర్తి పేరుతో పిలిచే రాజభవనపు శిథిలాలున్నాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల మీద ఉన్నవి ఆ టైబీరియస్, ఆయనకు ముందున్న అగస్టస్ బొమ్మలే. తెలుగు నేల నుంచి వెళ్ళినవాళ్ళు ఆ కొండ మీద అరగంట కూర్చోవడానికి ఇది చాలదా?

పనుల వరస కూడా తలకిందులు కాకూడదు. షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. వీసా పని ముందే ముగించుకుంటే కలోసియం టికెట్లు వచ్చే రోజుకు నిశ్చింతగా ఉంటారు. 2023 అక్టోబర్ నుంచి ఆ టికెట్ మీద మనిషి పేరు ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు చూపమంటారు. ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టకుండా పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే నింపండి.