సింహపురములు

ఒకే నామముగల పట్టణములు చరిత్రకారులకు చిరకాలమునుండి చిక్కులు గలిగించుచున్నవి. గ్రీకుదేశమున బియోషియాసీమయందు థీబ్సు అను ప్రాచీననగరము గలదు. ఈజిప్టున నైలునదీతీరమందు మఱియొక థీబ్సు గలదు. ఈ రెండవదానిని దేశీయులు వాసెత్ అనిరి. థీబ్సు అనునది గ్రీకులు వాడిన పేరు. మొదటిది సప్తద్వారనగరమనియు, రెండవది శతద్వారనగరమనియు గ్రీకుకావ్యములు వేఱుపఱచుచున్నవి. పేరొక్కటియే చాలనందున గుఱుతు కావలసివచ్చినది.

కళింగదేశచరిత్రమునందును ఇట్టి చిక్కు గలదు. భావనపాడునకు నైరృతిదిక్కున, శ్రీకాకుళమునుండి నరసన్నపేటకు పోవు మార్గమున, సింగుపురమను గ్రామము గలదు. నరసన్నపేటకు సమీపమున నున్న కొమర్తిలో దొరికిన తామ్రశాసనము సింహపురమునుండి వెలువడినది. దాత చండవర్మమహారాజు, అతని బిరుదము కళింగాధిపతి. ఉమవర్మయొక్క బృహత్ప్రోష్ఠశాసనమును ఈ నగరమునుండియే యీయబడినది. లిపినిబట్టి ఈ రాజులు క్రీ. శ. 4, 5 శతాబ్దులవారని పండితులు నిర్ణయించిరి. కొమర్తిశాసనమును ప్రకటించిన హుల్చ్ పండితుడు ఆ సింహపురమే నేటి సింగుపురమనెను.

ఈ నిర్ణయమునకు నామసామ్య మొక్కటియే ఆధారము గాదు. సింహశబ్దమునకు సింగము వికృతి యగుటచే సింహపురము సింగుపురమగుట భాషకు సహజము. తామ్రపత్రములు చేతులు మాఱి దూరము పోవచ్చును గాని, ఇచ్చట శాసనము దొరికిన చోటును గ్రామమును సమీపముననే యున్నవి. రాజబిరుదమును దేశమునకు సరిపోవుచున్నది. ఇట్లు మూడు సాక్ష్యము లేకవాక్యముగా నున్నవి.

కాని సింహపురము లనేకములు. చీనాయాత్రికుడగు హ్యూన్‌సాంగు 7వ శతాబ్దమున వాయవ్యభారతమం దొక సింహపురరాజ్యమును వర్ణించెను. చంపాదేశపు సింహపురము నేటి వియత్నామునందలి త్రాకియూ. తిక్కన యాశ్రయించిన మనుమసిద్ధి రాజధాని విక్రమసింహపురి, నేటి నెల్లూరు. సింగపూరు నామమును సింహపురమే. సింహము రాజశౌర్యమునకు చిహ్నమగుటచే, ఒండొంటితో సంబంధము లేకయే రాజులు ఈ పేరు పెట్టుకొనుట కవకాశము గలదు.

ఇందువలన రెండు వాదములను జాగ్రత్తతో పరీక్షింపవలెను. మహావంశమున విజయుని తండ్రి సింహబాహువు నిర్మించిన సింహపురము లాళదేశమునందలిది. విజయుని వంశమునకు కళింగరాజపుత్రితో సంబంధము చెప్పబడినను, ఆ నగరము కళింగమందున్నట్లు గ్రంథము చెప్పలేదు. కావున దానిని సింగుపురమని చెప్పుట తగదు.

రెండవది నిశ్శంకమల్లుని విషయము. క్రీ. శ. 1187 మొదలు 1196 వఱకు పొలన్నరువలో సింహళమునేలిన ఈ రాజు తాను కళింగమందలి సింహపురమున జన్మించినట్లు శాసనములలో చెప్పుకొనెను. పరణవితాన పండితుడు ఈ కళింగము మలయదేశమందలిదని వాదించెను; పెక్కుమంది చరిత్రకారులు దీని నంగీకరింపలేదు. దేశనామమును నగరనామమును జంటగా నుండుటచే సింగుపురపక్షము బలవత్తరము. అయినను చండవర్మకును నిశ్శంకమల్లునకును నడుమ ఏడువందల యేండ్లకు పైబడిన వ్యవధి గలదు. ఆ నడుమ గాంగుల కాలమున కళింగరాజధాని కళింగనగరమయ్యెను. కావున ఈ విషయము సంభావ్యమే గాని సిద్ధము గాదు.

చండవర్మ నగరము సింగుపురమునకు శాసనబలమున దక్కినది. విజయుని నగరమును నామమాత్రముచే దానికి జేర్చినచో, ఆ దృఢమైన కీర్తికిని సందేహము సోకును. నామసామ్యము పరిశోధనమునకు ద్వారము మాత్రమే. కాలము, దేశము, రాజవంశము కలిసిననే ఆ ద్వారమున లోనికి ప్రవేశింపవలెను.