పాత వేగపుకారు: పోషణము, మార్పు

వెనుక తలుపు పైకి తెరచుకొను చిన్నకారును హాచ్‌బ్యాక్ అందురు. వేగమునకు పేరొందిన ఇట్టి కార్లలో ఫ్రాన్సుదేశపు ప్యూజో 205 జీటీఐ యొకటి. 1984లో 1580 ఘన సెంటీమీటర్ల యంత్రముతోను, 1986లో 1905 ఘన సెంటీమీటర్ల యంత్రముతోను ఇది వెలువడెను.

ఇట్టి పాతకారును కొన్నవారు తొలుతనే దాని బలము పెంచగోరుదురు. అది తగదని మా అభిప్రాయము. వెనుక ఇరుసు బేరింగులలో నీరు చేరి త్రుప్పు పట్టినచో చక్రముల పైభాగములు లోపలికి వాలును. టైమింగ్ బెల్టు తెగినచో పిస్టనులు తాకి వాల్వులు వంగును. కావున గడువు దాటకమునుపే దానిని మార్చవలెను. బ్రేకు ద్రవము క్రమముగా గాలిలోని తేమను పీల్చుకొనును. అట్టి ద్రవము వేడిమికి త్వరగా మరిగి ఆవిరిబుడగలు పుట్టును. ఆవిరి నొక్కుడుపడునది గావున పెడలు ఎంత త్రొక్కినను బ్రేకు పట్టదు.

వంపులో వేగముగ పోవుచు యాక్సిలరేటరుపైనుండి తటాలున కాలు తీసినచో ఈ కారు వెనుకభాగము ప్రక్కకు జారును. కాబట్టి ముందు ఇరుసును, టైర్లను, బ్రేకులను చక్కబరచి, తుదకు యంత్రబలమును పెంచవలెను. విద్యార్థులారా, ఆపుశక్తిని మించిన వేగము ప్రాణాపాయకరమని యెరుంగుడు.